పిల్లల చేత యూదు పండగ వస్తువులు చేయించడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

నవంబరు వచ్చిందంటే నాకు రెండు రకాల ప్రశ్నలు మొదలవుతాయి. "మా క్లాసులో యూదు పిల్లలున్నారు, హనుక్కాకి (యూదుల 8 రోజుల దీపాల పండగ) ఏదైనా క్రాఫ్ట్ చెప్పండి" అని ఇక్కడి ప్రీస్కూళ్లలో పని చేసే మన తెలుగు టీచర్లు అడుగుతారు. "మా అల్లుడు యూదు. మనవరాలికి ఇటు సంక్రాంతీ తెలియాలి, అటు పస్కా (ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ గుర్తుగా యూదులు చేసే పండగ) కూడా తెలియాలి, ఏం చేయించను?" అని అమ్మమ్మలు అడుగుతారు. నేను న్యూజెర్సీలో ఆదివారాలు పిల్లలకి ఆర్ట్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది యూదు పిల్లలే. ఇక్కడ రాసేవన్నీ ఆ క్లాసులో చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నవి.

ఒక్క లెక్క పెట్టుకోండి: పిల్లాడు చేసిన వస్తువు ఆ పండగ రోజు ఆ ఇంట్లో పని చెయ్యాలి. నీలం కాగితంతో ఆరు కోణాల నక్షత్రం కత్తిరించి గోడకి అంటిస్తే రెండు వారాల్లో చెత్తబుట్టలోకి పోతుంది. అదే పిల్ల రంగులేసిన గుడ్డ ప్రతి శుక్రవారం రొట్టె మీద కప్పితే, పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లో ఉంటుంది. చెయ్యాల్సిన ధర్మకార్యాన్ని అందమైన వస్తువుతో చెయ్యడాన్ని యూదులు 'హిద్దూర్ మిత్స్వా' అంటారు. మనం చేయించబోయేది అదే.

## 1. ముందు ఇంటివాళ్లని అడగండి

యూదు కుటుంబాలన్నీ ఒకేలా ఉండవు. మన దగ్గర ఒకే వీధిలో మడి కట్టుకునే ఇల్లూ, పండక్కి పులిహోర తెప్పించుకునే ఇల్లూ ఉన్నట్టే. కాబట్టి కాగితం, కత్తెర తియ్యకముందే ఈ సంగతులు తేల్చుకోండి.

- శనివారం ఎలా పాటిస్తారు? శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో 3 నక్షత్రాలు కనిపించేదాకా షబ్బాత్. నిష్ఠగా పాటించే ఇళ్లలో ఆ సమయంలో రాయరు, కత్తిరించరు, రంగులు వెయ్యరు, అంటించరు. "మిగతాది శనివారం ఇంట్లో పూర్తి చేసి తీసుకురా" అన్నారంటే పిల్లాడిని ఇరకాటంలో పెట్టినట్టే.
- మనుషుల బొమ్మలు వెయ్యొచ్చా? చాలా ఇళ్లలో అభ్యంతరం ఉండదు, కొన్నిచోట్ల ఉంటుంది. 1300 ప్రాంతంలో జర్మనీలో తయారైన ఒక పస్కా పుస్తకంలో మనుషులకి పక్షి తలలు పెట్టారు. అది ఇప్పుడు యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. సందేహం వస్తే మీరూ పక్షుల్ని, జింకల్ని వేయించండి. దేవుణ్ణి మాత్రం ఏ రూపంలోనూ గీయించకండి.
- తిండి వస్తువులతో క్రాఫ్ట్ చెయ్యొచ్చా? దీని సంగతి 3లో చెబుతాను.
- పిల్లాడి హీబ్రూ పేరు ఏమిటి? స్కూల్లో పిలిచే పేరు వేరు, ప్రార్థనామందిరంలో పిలిచే పేరు వేరు కావచ్చు. దాన్ని ఇంటివాళ్ల చేతే హీబ్రూలో రాయించుకోండి.

## 2. క్యాలెండర్ చూసి వెనక్కి లెక్కపెట్టండి

యూదుల నెలలు చంద్రుణ్ణి బట్టి, పండగల కాలం సూర్యుణ్ణి బట్టి. మనకి అధిక మాసం వచ్చినట్టే వాళ్లకీ 19 ఏళ్లలో 7 సార్లు అదనపు నెల వస్తుంది. అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. ఇంకో సంగతి, రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. క్యాలెండర్లో హనుక్కా సోమవారం అని ఉంటే మొదటి దీపం ఆదివారం సాయంత్రమే వెలిగిస్తారు. మొదటి ఏడాది నేను ఇది చూసుకోక, పండగ మొదలైన మర్నాడు దీపాల స్టాండ్లు పంచాను. పిల్లలు ఏమీ అనలేదు. వాళ్ల అమ్మలూ మర్యాదకి ఏమీ అనలేదు.

ఎంత ముందు మొదలుపెట్టాలంటే:

- మట్టి, జిగురు ఆరాల్సినవి: 3 వారాలు
- గుడ్డ మీద పెయింట్: 2 వారాలు
- కాగితం పని: 1 వారం
- పర్ణశాలల పండుగ (సుక్కోత్) తోరణాలు: యూదు కొత్త సంవత్సరం రోష్ హషానాకి ముందే మొదలుపెట్టండి. రెంటికీ మధ్య 2 వారాలే ఉంటుంది, ఆ మధ్యలో ఉపవాసం ఉండే యోమ్ కిప్పూర్ కూడా వస్తుంది.

## 3. సామాను

కత్తెరలు, జిగురు, పెన్సిళ్లు మీకు తెలిసినవే. తప్పు జరిగేది తిండి దగ్గర.

పస్కా 8 రోజులు (ఇజ్రాయెల్‌లో 7) పులిసిన పిండి పదార్థం ఏదీ ఇంట్లో ఉండకూడదు. గోధుమ పిండి కలిసినవన్నీ పక్కన పెట్టేస్తారు. పిల్లలు ఆడుకునే ప్లే-డో లో గోధుమ పిండి ఉంటుంది. దండలు గుచ్చే మాకరోనీ గోధుమే. పస్కా ముందు వారం ఇల్లంతా దులిపి, సోఫా కింద బిస్కెట్ ముక్క కూడా లేకుండా ఏరేసిన తల్లికి మాకరోనీ దండ పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాగే మార్ష్‌మాలోల్లో సాధారణంగా పంది లేదా గొడ్డు జెలటిన్ ఉంటుంది. తిండితో ఏదీ చేయించకపోవడమే నా పద్ధతి.

## 4. హీబ్రూ అక్షరాలు: ఇక్కడే ఎక్కువ పొరపాట్లు

22 అక్షరాలు. కుడి నుంచి ఎడమకి రాస్తారు. 5 అక్షరాలకి మాట చివర వస్తే ఆకారం మారుతుంది. మనకి రాని లిపి కాబట్టి తప్పు రాసినా మన కంటికి తెలియదు. అదే అసలు ప్రమాదం.

1. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ చూసి చేత్తో గీయకండి. పెద్ద సైజులో ప్రింట్ తీసుకోండి.
2. కంప్యూటర్లో టైపు చేస్తే కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు అక్షరాల్ని ఎడమ నుంచి కుడికి తిప్పి పేరుస్తాయి. 'షాలోమ్' (శాంతి) కాస్తా 'మోలాష్' అవుతుంది. మాట చివరి ఆకారం ఎడమ చివర ఉందో లేదో చూస్తే కొంత పట్టుకోవచ్చు.
3. ప్రింట్‌ని హీబ్రూ చదివే ఒకరికి ఫోన్లో పంపి సరే అనిపించుకోండి. నిమిషం పని.
4. సరైన కాగితం మీద పైన ఏ వైపో, కుడి ఏ వైపో బాణం గుర్తు పెట్టి పిల్లలకి ఇవ్వండి.
5. దేవుడి పేరు రాయించకండి. ఆ పేరున్న కాగితాన్ని చెత్తలో వెయ్యకూడదు. పిల్లల క్లాసులో పాడైపోయే కాగితాలే ఎక్కువ.

## 5. మొదటి ప్రాజెక్టు: హనుక్కియా (7 ఏళ్ల నుంచి)

తెలుగు బైబిల్లో 'దీపవృక్షము' అని చదివింది 7 దీపాలది, అది దేవాలయంలో ఉండేది. హనుక్కాకి ఇంట్లో వెలిగించే దీపాల స్టాండ్‌కి, అంటే హనుక్కియాకి, 9 ఉంటాయి: 8 రాత్రులకి 8, వాటిని వెలిగించడానికి 'షమాష్' అనే సేవక దీపం ఒకటి. 7 దీపాలది చేయించి హనుక్కాకి పంపడం నేను చూసిన వాటిలో అన్నిటికంటే మామూలు తప్పు.

పనికొచ్చే హనుక్కియాకి కొన్ని నియమాలున్నాయి. 8 దీపాలూ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉండాలి. మంటలు ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. షమాష్ మాత్రం ఎత్తుగానో పక్కగానో విడిగా కనపడాలి. ఆ 8 దీపాల వెలుగుని ఏ పనికీ వాడుకోకూడదు, ఊరికే చూడాలి; షమాష్ ఉండేది అందుకే. పిల్లలకి ఈ మాట చెప్పాకే డిజైన్ మొదలుపెట్టించండి. లేకపోతే ప్రతివాడూ మెట్లమెట్లుగా రాకెట్ గీస్తాడు.

కావాల్సినవి: 30 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న గచ్చు టైల్ ముక్క, ఇనప నట్లు 11, రెండు ట్యూబుల్లో వచ్చి కలుపుకునే ఎపాక్సీ జిగురు, అక్రిలిక్ పెయింట్, అలంకరణకి ఏదైనా (మెరుపు కాగితం మాత్రం వద్దు).

నట్ల సైజు అంకెతో చెప్పను. హనుక్కా కొవ్వొత్తి ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లండి. నట్టులో పెట్టి తలకిందులు చేస్తే జారకూడదు, నొక్కితే విరగకూడదు. ఆ సైజు తీసుకోండి.

వరుస:

1. టైల్‌ని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిడ్డుంటే జిగురు పట్టదు.
2. పొడవునా ముందు అంచుకి దగ్గరగా పెన్సిల్ గీత. దాని మీద 3.5 సెం.మీ.కి ఒకటి చొప్పున 8 చుక్కలు. ముగ్గు చుక్కలు పెట్టినట్టే, పని అంతా వీటి మీదే నిలబడుతుంది.
3. మధ్యలో, గీతకి వెనకగా షమాష్‌కి ఒక చుక్క.
4. ముందు పెయింట్. రాత్రంతా ఆరనివ్వండి. చుక్కల మీద పెయింట్ పడకుండా చిన్న టేపు ముక్కలు అంటించండి, తర్వాత పీకెయ్యండి.
5. ఎపాక్సీ పెద్దవాళ్లే కలపాలి. చుక్క చుక్కకీ మీరు జిగురు పెడుతూ ఉంటే పిల్లాడు నట్టు పెట్టాలి. షమాష్‌కి 3 నట్లు ఒకదాని మీద ఒకటి.
6. ప్యాకెట్ మీద రాసినంత సేపు కదపకండి. తర్వాత 9 కొవ్వొత్తులూ గుచ్చి చూడండి. వంగినది కనిపిస్తే అప్పుడే సరిచెయ్యండి.

తప్పులు, సవరణలు:

*హాట్ గ్లూ గన్ వాడటం.* చకచకా అయిపోతుంది, నిజమే. కొవ్వొత్తి కిందిదాకా కాలేసరికి నట్టు వేడెక్కి, ఆ జిగురు మెత్తబడి, నట్టు పక్కకి ఒరుగుతుంది. మా క్లాసు నుంచి వెళ్లిన ఒకటి అయిదో రాత్రి అలాగే ఒరిగింది. టేబుల్ గుడ్డ కాలింది తప్ప ఇంకేం కాలేదు, వాళ్ల అదృష్టం, నా అదృష్టం కూడా.

*చెక్క, గుడ్ల అట్ట, ఐస్‌క్రీం పుల్లలు.* వెలిగించేదానికి ఇవేవీ వద్దు. ఉత్తుత్తి హనుక్కియా కావాలంటే చిన్నపిల్లలకి పుల్లలతో చేయించండి, కానీ మంటలు కూడా కాగితంతో కత్తిరించినవే అయి ఉండాలి.

*మట్టితో చేస్తే కొవ్వొత్తి పట్టకపోవడం.* గాలికి ఆరే మట్టి ఆరాక కుంచించుకుపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు కొవ్వొత్తితోనే కన్నం చేసి, గుండ్రంగా తిప్పి కాస్త వదులు చెయ్యండి.

ఇంటికి పంపే చీటీలో రాయాల్సినవి: కొవ్వొత్తులు కుడి చివర నుంచి పెట్టుకుంటూ రావాలి, వెలిగించేటప్పుడు మాత్రం ఆ రోజు కొత్తది, అంటే ఎడమ చివరిది ముందు. 8 రాత్రులకీ షమాష్‌తో కలిపి 44 కొవ్వొత్తులు. శుక్రవారం నాడు షబ్బాత్ దీపాల కంటే ముందే వీటిని వెలిగించాలి, చీకటి పడ్డాక కూడా అరగంట వెలగాలి కాబట్టి ఆ ఒక్క రోజుకి పొడుగు కొవ్వొత్తులు పెట్టుకోవాలి.

## 6. రెండో ప్రాజెక్టు: హల్లా గుడ్డ (4 ఏళ్ల నుంచి)

హల్లా అంటే శుక్రవారం రాత్రి భోజనానికి చేసే జడ అల్లిన రొట్టె. రెండు పెడతారు. అరణ్యంలో యూదుల పూర్వీకులకి ఆకాశం నుంచి కురిసిన ఆహారం, మన్నా, శుక్రవారం రెండింతలు కురిసేదని గుర్తు. మన్నాకి పైనా కిందా మంచు ఉండేదట, అందుకే గుడ్డ కప్పుతారు. ఇంకో కారణం పిల్లలకి తెగ నచ్చుతుంది: ముందు ద్రాక్షారసానికి ఆశీర్వాదం చెబుతారు కదా, తన వంతు ఆలస్యమైందని రొట్టె చిన్నబుచ్చుకోకుండా కళ్లు మూస్తారు. ఈ రెండో కథ నాకు ఒక పిల్లాడి నాన్నమ్మ చెప్పింది. ఆవిడే నేను చేయించిన మొదటి గుడ్డని చేతిలోకి తీసుకుని, "చాలా బాగుందమ్మా, ఒక రొట్టెకి సరిపోతుంది" అంది.

కాబట్టి కొలత: 45 × 55 సెం.మీ.కి తగ్గకూడదు.

1. తెల్ల కాటన్ గుడ్డ. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, దాని మీద రంగు నిలవదు. ముందు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి.
2. అంచు మడిచి కుట్టించండి. కుట్టాక పెయింట్, పెయింటయ్యాక కుట్టు కాదు.
3. కింద అట్ట, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద గుడ్డ. నాలుగు వైపులా టేపు.
4. 'షబ్బాత్' అనే మాటకి 3 అక్షరాలు: షీన్, బేత్, తావ్. మొదటిది మూడు పళ్ల ఫోర్కులా ఉంటుంది; అది కుడి చివర రావాలి. గుడ్డని అట్ట మీద టేపు వెయ్యకముందే, ప్రింట్‌ని కిటికీ అద్దానికి అంటించి, పైన గుడ్డ పెట్టి పెన్సిల్‌తో దిద్దించండి.
5. ఫాబ్రిక్ పెయింట్ మాత్రమే. చిన్నవాళ్లతో అంచుల్లో అరచేతి ముద్రలు, పెద్దవాళ్లతో ద్రాక్ష గుత్తులు, గోధుమ వెన్నులు.
6. ఒక రోజు ఆరాక, వెనక వైపు నుంచి ఆవిరి లేకుండా ఇస్త్రీ. ఎంత సేపో సీసా మీద ఉంటుంది.

బ్రష్షుకి నీళ్లు ఎక్కువైతే రంగు పాకుతుంది. పాకిన చోట ద్రాక్ష పండు వేయించండి. మా క్లాసులో కొన్ని గుడ్డల మీద ద్రాక్షలు మరీ ఎక్కువగా ఉండటానికి కారణం అదే.

## 7. మూడో ప్రాజెక్టు: కాగితం కత్తిరించి మిజ్రాహ్ (9 ఏళ్ల నుంచి)

మిజ్రాహ్ అంటే తూర్పు. యూరప్ యూదులు ఇంట్లో ఏ గోడ వైపు తిరిగి ప్రార్థన చెయ్యాలో తెలియడానికి తూర్పు గోడకి ఒక పటం తగిలించేవాళ్లు. పోలండ్ వైపు వీటిని కాగితాన్ని సగానికి మడిచి కత్తిరించి చేసేవాళ్లు: సింహాలు, జింకలు, పక్షులు, చెట్టు. అయితే దిక్కు యెరూషలేముది. హైదరాబాద్‌లో ఉండి ఇది చేయిస్తే తగిలించాల్సింది పడమటి గోడకి.

1. 80–100 జీఎస్ఎం (మామూలు ప్రింటర్ కాగితం మందం) కాగితం నిలువుగా సగానికి మడవండి. మందం కాగితం రెండు పొరలైతే పిల్లల కత్తెర తెగదు.
2. మడత ఎడమ చేతి వైపు ఉంచి, సగం బొమ్మ గీయించండి. సగం చెట్టు మడతకి ఆనుకుని, ఒక జింక దానికి ఎదురుగా.
3. ప్రతి ఆకారం ఇంకో ఆకారాన్నో, అంచునో తాకాలి. తాకే చోట పెన్సిల్ వెడల్పు తగ్గకూడదు. జింక కాళ్లు నేలకి, కొమ్ములు కొమ్మకి.
4. పారెయ్యాల్సిన భాగమంతా పెన్సిల్‌తో నింపించండి. ఈ మెట్టు వదిలేస్తే ఉంచాల్సింది పోతుంది, పోవాల్సింది ఉంటుంది.
5. లోపలి చిన్న కన్నాలు ముందు, బయటి అంచు చివర. కత్తెర తిప్పకండి, కాగితం తిప్పండి.
6. విప్పి, బరువైన పుస్తకం కింద ఒక రాత్రి ఉంచి, ముదురు రంగు కాగితం మీద అక్కడక్కడా జిగురు చుక్కలతో అంటించండి.

అక్షరాలు మడతలో కత్తిరించకండి. మడిచి కత్తిరిస్తే ఒకవైపు సరిగ్గా, రెండోవైపు అద్దంలోలా వస్తాయి. నేను మొదటిసారి 14 మంది చేత అలాగే చేయించాను. 14 పటాల్లోనూ ఒకటి సరైన తూర్పు, ఒకటి తిరగబడ్డ తూర్పు! చెట్టు మొదట్లో ఖాళీ పలక ఒకటి వదిలి, 4 అక్షరాల 'మిజ్రాహ్' మాటని విడి కాగితం మీద కత్తిరించి తర్వాత అంటించండి.

జింక కాలు తెగిపోతే ఏడుపు ఖాయం. అంటించేటప్పుడు తెగిన ముక్కని దాని చోట పెట్టేస్తే ఎవరికీ కనపడదు. ఈ మాట తెగకముందే చెప్పి ఉంచండి.

## 8. సమయం తక్కువుంటే

ట్సెదాకా డబ్బా. దానానికి డబ్బులేసే డిబ్బీ. మూత ఉన్న రేకు డబ్బా చాలు. కన్నం పెద్ద నాణెం పట్టేంత ఉండాలి, తెరిచి డబ్బు తీసే వీలుండాలి.

డ్రైడెల్. నాలుగు ముఖాల బొంగరం. నూన్, గీమెల్, హే, షీన్ అక్షరాలు: 'అక్కడ గొప్ప అద్భుతం జరిగింది' అనే మాటలకి మొదటి అక్షరాలు. ఇజ్రాయెల్‌లో 'అక్కడ' బదులు 'ఇక్కడ' కాబట్టి షీన్ చోట పే ఉంటుంది. మట్టితో చేస్తే నూటికి తొంభై తిరగవు. అట్టతో పెట్టె చేసి, సరిగ్గా మధ్యలో పెన్సిల్ ముక్క గుచ్చండి.

సుక్కా తోరణాలు. పర్ణశాల అంటే మన చలవ పందిరే అనుకోండి, కాకపోతే ఆకుల కప్పులోంచి ఆకాశం కనపడాలి. రంగు కాగితాల గొలుసులు వానకి ఒక్క రాత్రిలో కారిపోతాయి. పాత క్యాలెండర్ల నున్నటి కాగితం వాడండి.

కొచ్చి టైల్స్. 1568లో కట్టిన కొచ్చి పరదేశి సినగాగ్‌లో (యూదు ప్రార్థనామందిరం) నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలం-తెలుపు టైల్స్. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవంటారు. పిల్లలకి తలా ఒక 10 సెం.మీ. చదరపు తెల్ల అట్ట, ఒకే నీలం రంగు ఇచ్చి, చివరికి అన్నీ నేల మీద పేర్పించండి. భారతదేశంలో యూదులున్నారని పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే సులువైన దారి నాకు దొరకలేదు. కొంకణ తీరంలో శనివారం గానుగ ఆపేసే నూనె పనివాళ్లు కాబట్టి 'శనివార్ తేలీ' అని పేరు పడ్డ బెనే ఇజ్రాయెల్ వాళ్ల గురించీ, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ వాళ్ల గురించీ అప్పుడే చెప్పండి.

## 9. చెయ్యకూడనివి

- స్వస్తిక్. దీపావళి-హనుక్కా కలిపి 'దీపాల క్లాసు' పెట్టే మనవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మన గడప మీద అది శుభం. ఆ పిల్లల ముత్తాతల్ని చంపిన నాజీల జెండా మీదా అలాంటి గుర్తే ఉంది. ముగ్గు వేయిస్తే పద్మం వేయించండి.
- హనుక్కాని క్రిస్మస్‌లా చెయ్యడం. చెట్టుకి వేలాడదీసే బొమ్మలు, ఎరుపు-ఆకుపచ్చ రిబ్బన్లు వద్దు. అలాగే సండే స్కూల్లో చెప్పే అలవాటుతో ప్రతి కథనీ యేసు దగ్గరికి తీసుకెళ్లకండి.
- మెజూజా లోపలి కాగితం. మెజూజా అంటే లేఖన వాక్యాలు రాసిన పత్రం లోపల పెట్టి గుమ్మానికి బిగించే డబ్బీ. పిల్లలు ఆ డబ్బీ మాత్రమే చెయ్యాలి. లోపలి తోలు పత్రాన్ని శిక్షణ పొందిన లేఖకుడు చేత్తో రాస్తాడు. ఫొటోస్టాట్ పనికిరాదు.
- హోలోకాస్ట్‌ని (నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన ఘోరం) నటింపజెయ్యడం. పసుపు నక్షత్రం కత్తిరించి పిల్లల చొక్కాలకి పిన్ను పెట్టడం లాంటివి ఏ వయసుకీ వద్దు. 12 దాటినవాళ్లకి టెరెజిన్ (నాజీలు యూదుల్ని బంధించిన చోటు) పిల్లల బొమ్మలు చూపించండి. అక్కడ బందీగా ఉంటూనే పిల్లలకి బొమ్మలు నేర్పిన ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్‌ని 1944లో ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపి చంపేశారు. పిల్లలు వేసిన దాదాపు 4,500 బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో మిగిలాయి. ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ రోజు వేరే ప్రాజెక్టు పెట్టకండి. చూసి, మాట్లాడుకుని, ఎవరికి వెయ్యాలనిపిస్తే వాళ్లు వేసుకోనివ్వండి.

## 10. చివరి పావుగంట

క్లాసు అయిపోతోందని హడావిడిగా సంచుల్లో కుక్కెయ్యకండి. ఈ పావుగంట ముందే పక్కన పెట్టుకోండి.

- [ ] పిల్లాడు వస్తువుని వాడి చూపించాలి: కొవ్వొత్తులు పెట్టడం, రెండు రొట్టెల బదులు రెండు డబ్బాల మీద గుడ్డ కప్పడం
- [ ] అది ఏమిటో, ఎప్పుడు వాడతారో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి
- [ ] వెనక పిల్లాడి పేరు, సంవత్సరం
- [ ] వాడే పద్ధతి రాసిన చీటీ
- [ ] శుక్రవారం క్లాసైతే సూర్యాస్తమయానికి ముందే ఇల్లు చేరేలా వదిలెయ్యడం
- [ ] టేబుల్ మీద మిగిలిన ప్రింట్లు, దిద్దిన కాగితాలు ఒకసారి తిరగెయ్యడం. ప్రార్థన పాఠంలోంచి ప్రింట్ తీసినదేదైనా, దేవుడి పేరున్నదేదైనా చెత్తలో వెయ్యకుండా విడి కవర్లో పెట్టండి. ఆ కవరు దగ్గర్లోని సినగాగ్‌కి ఇస్తే వాళ్లు మిగతా పాత ప్రార్థన పుస్తకాలతో పాటు పాతిపెడతారు.